యుద్ధబండికి నేను వేసిన అతుకు

మంచిర్యాల దగ్గర వెల్డింగు నేర్పే బడిలో పిల్లలతో కాసేపు మాట్లాడమని మొన్న నన్ను పిలిచారు. ముందు వరసలో కూర్చున్న ఒకమ్మాయి లేచి, "మీ సర్వీసు మొత్తంల మీరేసిన అన్నిటికన్న మంచి అతుకు ఏది సార్?" అని అడిగింది. మంచి అతుకులు చాలానే వేశాను. ఆ ప్రశ్నకు మాత్రం నాకు గుర్తొచ్చింది, చూడ్డానికి మహా అందంగా కుదిరి మూడో రోజు పగిలిపోయిన అతుకు. ఆ కథ వాళ్లకు సగమే చెప్పాను. టైం అయిపోయిందన్నాను కానీ, నిజానికి మిగతా సగం చెప్పడానికి నోరు రాలేదు. నోటితో కానిది రాతలో అవుతుందేమో చూస్తాను.

చైనా యుద్ధం ముగిసిన తర్వాతి సంవత్సరాలవి. నేను అప్పటికి తొమ్మిదేళ్లుగా బొగ్గు కంపెనీ వర్క్‌షాపులో వెల్డర్ని. మా బాపు బొగ్గుబాయిలో దిగి పని చేసినవాడు. కొడుక్కి నేల మీద పని దొరికిందని మా అవ్వకు గొప్ప. బొగ్గు మోసే చిన్న పెట్టెబండ్లకు, అంటే టబ్బులకు, అడుగు పలకలు మార్చడం, మనుషులను బాయిలోకి దింపే పంజరానికి కొక్కేలు అతకడం నా పని. నేను వేసిన అతుకు మీద మసి చిట్టు రాలగొడితే, కింద జొన్నకంకి మీద గింజలు పేర్చినట్టు ఉండేది. ఈ మాట నేను చెప్పుకునేది కాదు, వర్క్‌షాపులో అందరూ అనేవాళ్లు. అందరూ అనడమే నాకు చేటు తెచ్చింది.

సముద్రాల అవతల ఉన్న ఒక కంపెనీ మన సర్కారుతో ఒప్పందం చేసుకుని, ఒళ్లంతా మందపాటి ఉక్కు కవచం ఉండే యుద్ధబండ్లను మన దేశంలోనే తయారు చేయడానికి ఫ్యాక్టరీ పెడుతోందని ఆ రోజుల్లో కబురు వచ్చింది. టాంకులన్నమాట. ఆ కంపెనీ తన దేశం దాటి ఫ్యాక్టరీ పెట్టడం అదే మొదటిసారట. ఫ్యాక్టరీ వచ్చేది ఇక్కడ కాదు, దక్షిణాన సముద్రపు ఒడ్డున. దాని గోడలు ఇంకా లేవలేదు. గోడలు లేచేలోపు చేతులు తయారు కావాలని ఆ కంపెనీ ఒక ఇంజనీరును పంపింది. ఆయన వెల్డర్ల కోసం ఊరూరా తిరుగుతూ మా వర్క్‌షాపుకు వచ్చాడు. బాయి పంజరం కొక్కెం దగ్గర చాలాసేపు నిలబడి చూశాడు. ఇన్ని ప్రాణాలు వేలాడే అతుకు వేసేవాళ్లు తనకు కావాలన్నాడట.

మంచిర్యాల నుంచి నస్పూర్ పోయే దారిలో ఒక పాత బొగ్గు గోదాం ఖాళీగా ఉండేది. దాన్ని కడిగించి, సున్నం కొట్టించి, మాకు శిక్షణ షెడ్డు చేశారు. ఓడలో వచ్చిన ఉక్కు పలకలు గూడ్సు బండిలో మంచిర్యాల చేరి, అక్కడినుంచి లారీల మీద షెడ్డుకు వచ్చాయి. ఎంత మందమంటే, నా అరచెయ్యి అడ్డంగా పెట్టినా అంచు సరిగ్గా మూతపడేది కాదు.

ఆ ఇంజనీరును మేమంతా దొర అనేవాళ్లం. ఆయన మాకు పెట్టిన పరీక్ష విచిత్రమైనది. ముప్పై మందితో తలా ఒక అతుకు వేయించి, వాటివైపు కన్నెత్తి కూడా చూడకుండా, "రెండు రోజుల తర్వాత రండి" అన్నాడు. మా దగ్గర చిట్టు రాలగొట్టగానే మంచిదో చెడ్డదో తేలిపోయేది. ఈయనకు తిక్కేమో అనుకున్నాం. రెండు రోజుల తర్వాత పోతే, ముప్పైలో ఇరవై రెండు పలకలు వాటంతట అవే పగిలి ఉన్నాయి. మిగిలిన ఎనిమిది మందిని తీసుకున్నాడు. నేను ఒకణ్ని. నా చేతి గొప్ప అనుకున్నాను. ఆ రోజు ఎండ మండిపోతోందనీ, అతుకులోకి కరిగించే నా రాడ్ల కట్ట పొద్దుటి నుంచి ఆ ఎండలోనే ఉందనీ చాలా కాలం దాకా నాకు తట్టలేదు.

మా ఫోర్మన్ హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దమనిషి. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాడు, తెలుగు ధారాళంగా వచ్చు, ఇంగ్లీషు పని గడిచేంత వచ్చు. దొర మాట మాకూ, మా మాట దొరకూ చేరవేసేది ఆయనే. మొదటి రోజు దొర ఏదో చాలాసేపు చెప్పాడు. ఫోర్మన్ మాకు ఇలా విప్పి చెప్పాడు.

"జర ఇనుండ్రి. దొర వాళ్ల పెద్దలకు మన మీద యకీన్ లేదు. గీ ఉక్కు అతుకుడు మనతోని కాదంటున్నరు. బండి ఒళ్లంత వాళ్లే అతికి ఓడల పంపిస్తరట, మనం బోల్టులు బిగించుకోవాలెనట. దొరేమో ఇక్కడనే అతికిస్త అని షర్తు కట్టి వచ్చిండు. మనం అతికిన పలక మిలిట్రీవాళ్లు ఫిరంగి తోని కొడితె నిలవాలె. నిలిస్తె మీరు కారీగర్లు. పగిలితె స్పానర్లు పట్టుకునే కూలీలు. సమజైందా?"

బాగా సమజైంది. షెడ్డులో మూడు నెలలు పని అలాగే చేశాం.

ఆ ఉక్కుతో వచ్చిన చిక్కు ఇది. మామూలు ఇనుము తప్పును ఓర్చుకుంటుంది. ఇది ఓర్చుకోదు. అతికే ముందు పలకను గ్యాసు మంట మీద వేడెక్కించాలి. అతికిన తర్వాత కప్పి, మెల్లగా చల్లార్చాలి. అన్నిటికంటే ముఖ్యం, రాడ్లు. రాడ్డు మీద ఉండే పూత గాలిలోని తేమను పీలుస్తుంది. ఆ తేమ అతుకులోకి పోతే వెంటనే ఏమీ కాదు. లోపల కూర్చుని, ఒకటి రెండు రోజులకు పలకను పగలగొడుతుంది. అందుకే రాడ్లను మూడు గంటలు కరెంటు పొయ్యిలో కాల్చి, మూత ఉన్న డబ్బాలో వేడి వేడిగా వెల్డరుకు ఇవ్వాలి.

ఆ పొయ్యి చూసుకునే మనిషి సిరిసిల్ల నుంచి వచ్చిన నేతపని ఆయన. నాకంటే పదేళ్లు పెద్ద. మగ్గం మీద ఇల్లు గడవక, నస్పూర్‌లో బాయిపని చేసే బావమరిది ఇంటికి పెళ్లాంతో సహా వచ్చి, షెడ్డులో చేరాడు. వెల్డింగు గురించి ఆయనకేమీ తెలియదు. మేమంతా ఆయన్ని రొట్టెలన్న అని ఆటపట్టించేవాళ్లం. కోప్పడేవాడు కాదు. రాడ్లు లోపల పెట్టగానే పొయ్యి తలుపు మీద సుద్దతో టైం రాసేవాడు. ఆ టైం తీరందే దొర అడిగినా తలుపు తీసేవాడు కాదు.

తేమ సంగతి దొర ఎన్నిసార్లు చెప్పినా మా చెవికి ఎక్కలేదు. రొట్టెలన్నకు మాత్రం ఒక్కసారికే అర్థమైంది.

"గంజి పెట్టిన పడుగు ఉంటది గద తమ్మీ," అన్నాడు ఒకరోజు నాతో. "వానకాలంల మంచిగ ఆరకపోయినా, సూస్తానికి పొడిగనే ఉంటది. మగ్గం మీదికెక్కినంక పోగుకు పోగు అంటుకొని తెగుతది. తేమ కంటికి కనవడదు. గందుకే దాన్ని నమ్మద్దు."

నేను నవ్వి ఊరుకున్నాను. బట్టకూ ఉక్కుకూ ఏం సంబంధం అనుకున్నాను.

వానలు మొదలయ్యాయి. చివరి పరీక్ష దగ్గరపడింది. బండి ముందు భాగంలో, ముక్కు దగ్గర, రెండు పలకలు ఏటవాలుగా కలిసేచోట వేసే అతుకు అది. శత్రువు గుండు ముందు తగిలేది అక్కడే. ఆ అతుకు వేయడానికి దొర నన్నూ, ఇంకొకతన్నీ ఎంచాడు. అతను ఆదిలాబాద్ మనిషి. అక్కడ జిన్నింగ్ మిల్లులో పని చేసి వచ్చినవాడు. నన్ను మరాఠీవాళ్లలా "భావూ" అని పిలిచేవాడు. పలకకు ఆ పక్క అతను, ఈ పక్క నేను. నాలుగో రోజున మిలిట్రీ అధికారులు వచ్చి చూస్తారనీ, అతుకు చల్లారి రెండు రోజులు నిలిచి ఉండాలి కాబట్టి ఆ వేళే పూర్తి కావాలనీ, అతుకు వేయాల్సిన రోజు పొద్దున్నే ఫోర్మన్ చెప్పాడు.

ఆ పొద్దున్నే కరెంటు పోయింది. మళ్లీ వచ్చేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. మేము పలకను గ్యాసు మంట మీద పెట్టి సిద్ధం చేశాం. ఒకటిన్నరకు నేను డబ్బా పట్టుకుని పొయ్యి దగ్గరికి పోయాను. రొట్టెలన్న రెండు రోజులుగా జ్వరంతో ఉన్నాడు. గోలీలు వేసుకుని, మెడకు తువ్వాల చుట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

"అన్నా, రాడ్లు."

"ఇయ్య. పొయ్యి సల్లవడ్డది. మల్ల పెట్టి గంట కూడ కాలే. ఇంక రెండు గంటలు ఆగాలె."

"పలక తయారైంది. దాన్ని గంతసేపు మంట మీద పెట్టుకొని కూసుంటమా? పొద్దూకెవరకు అయిపోవాలె అంటున్నడు ఫోర్మన్ సాబ్."

"నన్ను తిట్టమను. నేను పడుత."

"తొమ్మిదేండ్ల సంది అతుకులేస్తున్న నేను. నిన్నమొన్నటిదాక మగ్గం గుంతల కూసున్నోనివి, నాకు నేర్పుతవా?"

ఖాళీ డబ్బాను పొయ్యి పక్కనే దించాను. ఆయన తలుపు మీద తను రాసిన టైం వైపు ఒకసారి చూపించి, మళ్లీ కూర్చున్నాడు. అంతలో గ్యాసు సిలిండర్ల లారీ వచ్చింది. దింపడానికి మనుషులు చాలక ఫోర్మన్ ఆయన్ని కేకేశాడు. ఆయన లేచి, తువ్వాల నెత్తికి చుట్టుకుని వానలోకి పోయాడు.

నేను పొయ్యి తలుపు తీశాను. డబ్బా నింపుకున్నాను. తలుపు మూశాను. చేతికి రాడ్లు వేడిగానే తగిలాయి. వర్క్‌షాపులో కట్ట విప్పినవి విప్పినట్టు వాడేవాళ్లం, ఏ పంజరమూ తెగిపడలేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. నన్ను ఎవరూ చూడలేదు. మా ఆదిలాబాద్ మనిషి కూడా ఆ డబ్బాలోవే తీసుకున్నాడు. రొట్టెలన్న ఇచ్చాడనే అనుకున్నాడు.

ఆ అతుకు గురించి ఒక్కటే చెబుతాను. నా జీవితంలో అంత అందమైనది మళ్లీ వేయలేదు. దొర మంట వెలుగు ఆపే నల్లద్దం మొహం మీంచి ఎత్తి చూసి, నా భుజం తట్టాడు.

మూడో రోజు పొద్దున పది గంటలకు, అందరం షెడ్డులోనే ఉన్నాం. బిగించి కట్టిన తీగ తెగినట్టు టంగుమని చప్పుడైంది. ఎవరి చేతిలోనుంచో ఏదో పడిందనుకుని అటూ ఇటూ చూశాం. దొర మాత్రం చేతిలో ఉన్న చాయ కప్పు కింద పెట్టి నేరుగా పలక దగ్గరికి నడిచాడు. ఒక పక్క కిరసనాయిలు పూయించి, రెండో పక్క సుద్దపొడి రాయించాడు. కాసేపటికి కిరసనాయిలు పగులులోంచి ఊరి, తెల్లటి సుద్ద మీద జానెడు పొడవున నల్లగీత తేలింది. పగులు ఈ పక్క నుంచి ఆ పక్కకు పోయింది.

దొర కేకలు వేయలేదు. వేసి ఉంటే బాగుండేది. పలకకు సరిపడా వేడి పెట్టారా అన్నాడు, పెట్టాం. మెల్లగా చల్లార్చారా అన్నాడు, చల్లార్చాం. చివరికి రాడ్ల దగ్గరికి వచ్చాడు. పొయ్యి తలుపు మీద ఆ రోజు టైం ఇంకా చెరగలేదు. అతుకు మొదలుపెట్టిన టైం పక్కన పెట్టి చూస్తే, రాడ్లు కాలాల్సినంత కాలలేదని తేలిపోయింది.

"నేను ఇయ్యలేదు సాబ్," అన్నాడు రొట్టెలన్న.

"ఇయ్యకపోతె రాడ్లకు కాళ్లొచ్చినయా?" అని ఫోర్మన్ నావైపు తిరిగాడు. "నీకెవలిచ్చిండ్రు?"

నోరు తెరిచేముందు నాకు ఒక నిమిషం టైం ఉంది. ఆ ఒక్క నిమిషంలో, సముద్రపు ఒడ్డు ఫ్యాక్టరీ, అక్కడి క్వార్టరు, కొడుకు టాంకులు చేస్తాడని వాడకట్టంతా చెప్పుకుంటున్న మా అవ్వ, అన్నీ కళ్ల ముందుకు వచ్చాయి.

"మల్ల పోయి సూస్తె డబ్బా నింపి పొయ్యి పక్కన పెట్టి ఉండె సాబ్. నా కోసమే అనుకొని తీస్కున్న."

రొట్టెలన్న నా మొహంలోకి చూశాడు. అందులో అనుమానం లేదు, కోపం లేదు. "నేను నింపిన్నా?" అన్నాడు, తనను తానే అడుగుతున్నట్టు.

"జ్వరంల ఏం చేసినవో నీకే ఎరుక లేదు," అన్నాడు ఫోర్మన్. దొరతో ఏదో మాట్లాడి వచ్చి, "రేపటి సంది రాకు," అన్నాడు.

అధికారులు రావడం వారం వాయిదా పడింది. కొత్త పలకలు పెట్టి, ఈసారి అధికారుల కళ్ల ముందే, మళ్లీ నన్నే అతకమన్నారు. నేను చెప్పిన అబద్ధం ఎంత బాగా కుదిరిందంటే, నామీద అందరికీ జాలి కూడా కలిగింది.

నాలుగు రోజుల తర్వాత, ఆగలేక, సాయంత్రం నస్పూర్‌లో ఆయన ఉండే ఇంటికి పోయాను. చెప్పేద్దామనే పోయాను. ఆయన భార్య బోళ్లు గోనెసంచిలో సర్దుతోంది. ఆయన నన్ను చూసి లేచి, మంచం మీద గొంగడి దులిపి కూర్చోమన్నాడు. చాయ పెట్టించాడు.

"రేపు సిరిసిల్లకు పోతున్నం," అన్నాడు. "తమ్మీ, నేను నాలుగు దినాల సంది యాది చేస్కుంటున్న. డబ్బా నింపినట్టు యాదికొస్తలేదు. గని నింపలేదని గట్టిగ అననీకి కూడ వస్తలేదు. గోలీలకు తల తిరుగుతుండె. నింపి పెట్టి మర్సిపోయిన్నేమో. ఇరవై ఏండ్లు మగ్గం నేసిన, ఒక్క పోగు తప్పితె చేతికి తెలుస్తుండె. ఇప్పుడు నా చేతి మీద నాకే నమ్మకం పోయింది."

నేను చాయ గ్లాసు చేతిలోకి తీసుకున్నాను.

"నా తోని నీ పని గూడ ఖరాబాయె. మాఫ్ చెయ్యి," అన్నాడు.

మీరు చదువుతూ, ఇక్కడ చెప్పేసి ఉంటాడు అనుకుంటారు. చెప్పలేదు. చాయ తాగి, పోయొస్తానన్నాను. దొంగతనం చేసినవాడికి ఒక్క పాపమే. నేనాయన ఉద్యోగం తీయించడమే కాకుండా, ఆయన మీద ఆయనకున్న నమ్మకాన్ని కూడా తీసుకుని బయటికి నడిచాను. ఆ ఇంటి నుంచి మా ఇంటికి రెండు మైళ్లు. దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగాను, రెండుసార్లూ మళ్లీ ఇంటి దారే పట్టాను.

అధికారులు వచ్చే రోజు వచ్చింది. మూడు జీపుల్లో దిగారు. మేము పలకను అప్పటికే వేడెక్కించి పెట్టాం. దొర స్వయంగా పొయ్యి దగ్గర నిలబడి, రాడ్లు తీసి నా డబ్బాలో పెట్టాడు. ఏదో అంటే ఫోర్మన్ చెప్పాడు. "ఈసారి రాడ్లు నేనే కాల్చిన, ఫికర్ చెయ్యకు అంటుండు దొర."

నేను నల్లద్దం మొహం మీదికి దించుకున్నాను. ఆ చీకట్లో, మంచం మీద గొంగడి దులిపి కూర్చోమన్న ఆయనే కనపడ్డాడు. అద్దం ఎత్తేశాను.

"సాబ్, దొరకు ఒక మాట చెప్పాలె. ఆ దినం రాడ్లు ఆ అన్న ఇయ్యలేదు. ఆయన లేనప్పుడు నేనే పొయ్యి తెరిసి తీస్కున్న. అబద్ధం చెప్పిన."

ఫోర్మన్ మొహం పాలిపోయింది. పళ్ల సందునుంచి, "పాగల్ అయినవా? అందరూ సూస్తున్నరు, చెయ్యి పని," అన్నాడు. దొరవైపు తిరిగి నవ్వుతూ ఏదో చెప్పాడు. నాకు ఇంగ్లీషు రాదు కానీ, రెయిన్ అన్న మాట, ఫీవర్ అన్న మాట తెలుసు. నేను చెప్పింది చేరలేదని అర్థమైంది. అప్పుడు నాకు తెలిసిన నాలుగు ముక్కలూ కూడగట్టుకుని దొర ముందుకు పోయాను.

"సార్. నో ఫీవర్. ఓవెన్, ఐ ఓపెన్. రాడ్, ఐ టేక్. హీ, నో. ఐ," అని, అరచేత్తో నా రొమ్ము చరుచుకున్నాను.

దొర నన్నూ, పలకనూ, చేతి గడియారాన్నీ చూశాడు. పలక చల్లారిపోతోంది. నా చేతిలోని అద్దం, డబ్బా తీసుకుని మా ఆదిలాబాద్ మనిషి చేతిలో పెట్టాడు. నేను పనిచేసే పక్కకు అతన్ని పంపి, అతని చోటులో ఇంకొకతన్ని నిలబెట్టాడు. పని మొదలైంది. అధికారులకు ఏం అర్థమైందో నాకు తెలియదు. నేను గోడకు ఆనుకుని, నా అతుకు ఇంకొకరు వేస్తుంటే మొదటి నుంచి చివరిదాకా చూశాను.

అంతా అయిపోయి, పలకను కప్పి, జీపులు వెళ్లిపోయాక దొర నా దగ్గరికి వచ్చాడు. ఫోర్మన్ పక్కన ఉన్నాడు.

"ఆ దినమే ఎందుకు చెప్పలేదు అంటుండు."

"తీసేస్తరని."

"ఇప్పుడైతె తియ్యననుకున్నవా అంటుండు."

"తీసేస్తరని ఎరుకే."

దొర తల ఊపాడు. ఫోర్మన్ చివరి మాట చెప్పాడు. "నీ పని అయిపోయింది. గని, పోయే ముందు ఆ మనిషిని నువ్వే పోయి తోలుకరావాలెనట." దొర అటు వెళ్లగానే తన సొంత మాట కూడా కలిపాడు. "నీ ఇమాన్‌దారీకి ముహూర్తం గిప్పుడే దొరికిందిరా? ఆఫీసర్ల ముంగట నా ఇజ్జత్ తీస్తివి."

మర్నాడు రెండు బస్సులు మారి సిరిసిల్ల చేరాను. అడిగి అడిగి, ఒక సావుకారి మగ్గాల కొట్టంలో ఆయన్ని పట్టుకున్నాను. గుంతలో కూర్చుని పంచె నేస్తున్నాడు. వచ్చిన పని దాచకుండా, నిలబడే మొత్తం చెప్పాను. ఆయన చెయ్యి ఆగలేదు. నేను చెప్పడం అయ్యాక, "గీ పంచె దిగాలె. కూసో," అన్నాడు. పొద్దున వచ్చినవాణ్ని, మూడు గంటలదాకా కొట్టం అరుగు మీద కూర్చున్నాను. నీళ్లు కావాలా అని కూడా అడగలేదు.

పంచె మగ్గం దిగాక బయటికి వచ్చాడు. నన్ను కొడతాడేమో అనుకున్నాను. కొట్టినా నిలబడేవాణ్ని.

"నా ఇంటికొచ్చినవు," అన్నాడు. "నా మంచం మీద కూసొని, నా చాయ తాగినవు. నా నోటితోని నేను మాఫ్ చెయ్యమంటె ఇన్నవు. గప్పుడన్న నీ నోరు లేవలేదారా?"

"లేవలేదన్నా."

"నేను దవాఖానకు పోయి డాక్టర్‌ను అడిగిన. గోలీలతోని మతి తప్పుతదా అని."

ఆయన లోపలికి పోయి, కాళ్లూ చేతులూ కడుక్కుని, అంగీ తొడుక్కుని వచ్చాడు. "వస్త. నీ కోసం కాదు. గా పొయ్యికి తాళం పెట్టుమని చెప్పు మీ దొరకు. తాళంచెవి నా మొలకు ఉండాలె." తిరుగు ప్రయాణంలో రెండు బస్సుల్లోనూ నాకు దూరంగా కూర్చున్నాడు.

కొత్త అతుకును మిలిట్రీవాళ్లు ఎక్కడో తమ మైదానానికి తీసుకుపోయి ఫిరంగితో కొట్టారు. పలక సొట్టపోయింది కానీ, అతుకు విచ్చుకోలేదు. బండి ఒళ్లు ఇక్కడే కట్టడానికి దొర కంపెనీ పెద్దలు ఒప్పుకున్నారని కబురు వచ్చిన రోజు, ఫోర్మన్ షెడ్డులో మిఠాయి పంచాడట. నేను అప్పటికి వర్క్‌షాపులో టబ్బుల దగ్గర ఉన్నాను. నాకు ఒక పొట్లం పంపాడు. ఆయన తిట్టినంత చెడ్డవాడు కాదు.

ఏడుగురు వెల్డర్లు, పొయ్యి మనిషి ఒకరు, సముద్రపు ఒడ్డుకు బయల్దేరిన రోజున మంచిర్యాల స్టేషనుకు పోయాను. మా ఆదిలాబాద్ మనిషి నన్ను కౌగిలించుకున్నాడు. రొట్టెలన్న కిటికీ దగ్గర కూర్చుని, బండి కదిలేదాకా నావైపు చూడలేదు. కదిలే ముందు మాత్రం పిలిచాడు.

"నువ్వు చెప్పకపోతె, తప్పు నాదే అనుకుంట సచ్చేటోన్ని. చెప్పినవు, మంచిదే. గని వారం దినాలు ఎందుకాగినవో, గది మాత్రం నాకు సమజ్ కాదు."

బండి కదిలింది. తీసేస్తారని భయం అని దొరకు చెప్పింది నిజమే కానీ, ఆ మంచం మీద కూర్చున్న సాయంత్రానికి ఆ జవాబు సరిపోదు.

వర్క్‌షాపులో ఆ తర్వాత పాతికేళ్లు పైనే పని చేశాను. పాత ఆయిలు డ్రమ్ముకు తలుపు అమర్చి, రాడ్లు కాల్చడానికి పొయ్యి చేయించాను. మొదట్లో నవ్వారు. నన్ను కూడా రొట్టెలాయన అన్నారు. పంజరం కొక్కేలకు కాలని రాడ్డు ముట్టనివ్వకపోవడం చూసి, మెల్లగా నవ్వడం మానేశారు. సిరిసిల్ల ఆయన నాకు ఉత్తరం రాయలేదు. నేనూ రాయలేదు. ఆ ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన వెల్డర్లకు మొదటి పాఠం ఆయనతోనే చెప్పిస్తున్నారని ఆదిలాబాద్ మనిషి ఒకసారి సెలవులకు వచ్చినప్పుడు చెప్పాడు.

ఆ ఫ్యాక్టరీకి పోలేకపోయానని బాధ లేదా అని నా కొడుకు అడుగుతుంటాడు. ఉంది. దాన్ని దాచడం ఎందుకు. చేసినదానికి తగినదే దొరికిందని తెలిసినా, బాధ బాధే.

వాళ్లు పోయిన రెండు మూడేళ్లకు, ఒక మధ్యాహ్నం ఏదో పని మీద మంచిర్యాల స్టేషనులో ఉన్నాను. ఉత్తరానికి పోయే గూడ్సు బండి వచ్చి ఆగింది. బల్లల్లాంటి వాగన్ల మీద టార్పాలిను కప్పిన పెద్ద పెద్ద ఆకారాలు. తుపాకీతో జవాను కాపలా. నాకు కాళ్లు ఆగలేదు. దగ్గరికి పోయాను.

"క్యా దేఖ్ రహా హై?" అన్నాడు జవాను.

ఏం చూస్తున్నానో ఉర్దూలో చెప్పేంత మాటలు నాకు లేవు. వెల్డర్ని అని చేత్తో చూపించాను. కళ్ల మీదికి అద్దం దించుకుని, రాడ్డు పట్టుకున్నట్టు. అతను నా కాలిన వేళ్లు చూసి ఏమనుకున్నాడో, బండికి అవతలి వైపు రెండడుగులు వేసి నిలబడ్డాడు.

ముందు భాగంలో టార్పాలిను మూల ఊడి ఉంది. ఎత్తి చూశాను. రెండు పలకలు ఏటవాలుగా కలిసేచోట అతుకు కనపడింది. పైన రంగు వేశారు. రంగు కింద వరస తప్పకుండా, ఎగుడుదిగుడు లేకుండా, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పోయింది. వేలుతో తడిమాను. ఎక్కడా ఆగలేదు.

మంచి పని. ఎవరు వేశారో తెలియదు. రాడ్లు ఎవరు కాల్చారో మాత్రం నాకు తెలుసు.

టార్పాలిను మూలను మళ్లీ తాడుకు కట్టేసి, బండి కదిలేదాకా ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను.